చేనికి ఏ తుపాకి?

కొండను చీల్చుకొని పాపాఘ్ని బయటపడే చోటు గండి. శ్రావణ శనివారాల్లో అక్కడి వీరాంజనేయస్వామి దర్శనానికి జనం కిటకిటలాడతారు. మిగతా రోజుల్లో చీకటి పడితే కొండ దిగివచ్చేవి అడవిపందులు. మా బావమరిది చేను ఆ దాపునే వున్నది. ఒక్క రాత్రి మంద పడిందంటే వేరుశనగ చేను నాగలి పెట్టి దున్నినట్టే.

"బావా, మంచి రైఫిలు కొనాలనుకుంటాండా. ఎంత దూరమైనా తగలాల. ఏది కొనమంటావు?" అని అడిగాడు.

కాలేజీలో తెలుగు చెప్పుకొనేవాణ్ణి నేను. తుపాకుల సంగతి నాకేం తెలుసు? కాని ఆ 'ఎంత దూరమైనా' అన్న మాట నా గుండెలో గుచ్చుకొన్నది. కారణం వున్నది.

కిందటి పంటకు నేను కూడా అతనితో మంచె మీద పడుకొన్నాను. నడిరాత్రి చేనిలో అలికిడి అయింది. వాడు ఒడిసెల తిప్పి రాయి విసిరాడు. "అన్నా, నేను! మడవ తిప్పుతాండా!" అని కేక. పక్క చేని పిల్లవాడు. రాయి వాడి చెవికి జానెడు దూరంలో పోయింది. అది తుపాకి గుండే అయివుంటే?

మా వీధిలో వున్న విశ్రాంత సుబేదారుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన నవ్వి, "తుపాకి గుండు ఎక్కడిదాకా పోతుందని కాదు, ఎక్కడ ఆగుతుందని అడగండి" అన్నారు. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. అవి గుండును గిరగిర తిప్పి పంపుతాయి. చిన్నదనుకొనే పాయింట్ 22 రైఫిలు గుండే కిలోమీటరు దాటిపోగలదు. మధ్యలో ఎవరి చేను, ఎవరి మంచె వున్నదో దానికి తెలియదు. 12 బోరు తుపాకి గొట్టం లోపల నునుపు. (పౌను సీసంతో 12 గుండ్లు పోస్తే ఒక్కొక్కటి ఎంత లావో, ఆ గొట్టం అంత వెడల్పు.) అది గట్టిగా పనిచేసేది 40 గజాల దాకానే, చిన్న గుళ్లు 300 గజాల లోపే నేల రాలతాయి.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట కాపలాకు మొదట చెప్పింది నోటి నుంచి మందు కూరే తుపాకినే. అది చాలదని అధికారికి తోస్తే, 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. అక్కడ రైఫిలు ఊసే లేదు. మందు కూరే తుపాకికి చెమ్మ తగిలితే పేలదు. పేలితే మళ్లీ కూరేసరికి పందులు కొండెక్కుతాయి. అందుకే ఒంటి గొట్టం 12 బోరు మేలన్నారు సుబేదారుగారు. మధ్యకు విరిచి చేత పట్టుకొని నడిస్తే, లోపల తూటా లేదని ఎదుటివారికి కూడా కనబడుతుంది.

లైసెన్సు వున్నంత మాత్రాన పందిని చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. కనుక ముందు టార్చిలైటు, తర్వాత కేక, ఆఖరుకే తుపాకి.

అర్జీ నేనే రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకొంటూ, "కలెక్టరు ఇయ్యకపోతే ఎట్ల బావా?" అన్నాడు.

"ఒడిసెల వున్నది గదా! కాకపోతే, కేక వేసిన తర్వాత విసురు" అన్నాను.