డిస్కు లేని కంప్యూటర్: మీ రికార్డు ఎక్కడ ఉంటుంది?



ఓపీ చీటీ రాసే చోట, ల్యాబ్‌లో, మందుల కౌంటర్ దగ్గర ఇప్పుడు మేము వాడుతున్న కొన్ని కంప్యూటర్లలో హార్డ్ డిస్క్ ఉండదు. ఒక చిన్న డబ్బా, ఒక తెర, ఒక కీబోర్డు, గోడలోకి వెళ్ళే ఒక వైరు. అంతే. "గింత చిన్న డబ్బాల మా రిపోర్టులన్నీ యాడుంటయి సిస్టరమ్మా?" అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే ఇది. అందుకే ఈ సంచికలో దాని గురించి వివరంగా చెప్పదలచాము.

ఇది మనకు చిన్న విషయం కాదు. పాలమూరు పల్లెల నుండి పనుల కోసం ముంబయి, పుణె వెళ్ళి ఏడాదికో, రెండేళ్ళకో తిరిగి వచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వచ్చేసరికి పాత కాగితాలు తడిసిపోయి ఉంటాయి, లేదా ఎక్కడో పోయి ఉంటాయి. ఆ మనిషికి పెన్సిలిన్ పడదని, ఫిట్స్ మందు ఎంత డోసు వాడుతున్నారని చెప్పేది అప్పుడు ఆసుపత్రి రికార్డు ఒక్కటే. అది భద్రంగా ఉండటం ప్రాణానికి సంబంధించిన సంగతి.

డిస్కు లేకుండా ఎలా పనిచేస్తుంది?

మామూలు కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ దాని సొంత డిస్కులోనే ఉంటుంది. విండోస్, లినక్స్ అని మీరు వినే పేర్లు ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లవే. డిస్కు లేని కంప్యూటర్‌కు ప్రాసెసర్, మెమరీ రెండూ ఉంటాయి. కానీ స్విచ్ వేసినప్పుడు తన అడ్రసు ఏమిటో కూడా దానికి తెలియదు. వైరు మీదుగా "నేను లేచాను, నా అడ్రసు ఏమిటి?" అని అడుగుతుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకు ఒక నంబరు ఉంటుంది. సర్వర్ ఆ నంబరు చూసి అడ్రసు ఇస్తుంది, ఏ ఫైలు ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది. ముందుగా ఒక చిన్న ప్రోగ్రాం వస్తుంది. ఆ ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చుకుని మెమరీలోకి ఎక్కిస్తుంది. అలా తెచ్చుకునే మొత్తం కట్టనే 'ఇమేజ్' అంటారు. కొన్నిచోట్ల ఇమేజ్ అంతా మెమరీలోకి ఎక్కుతుంది. కొన్నిచోట్ల అది సర్వర్‌లోనే ఉంటుంది, కంప్యూటర్లన్నీ అవసరమైనంత మేరకు చదువుకుంటాయి. స్విచ్ ఆపగానే మెమరీ ఖాళీ అవుతుంది. మరునాడు మళ్ళీ కొత్తగా తెచ్చుకుంటుంది.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఫైళ్ళను సులువుగా పంపే టీఎఫ్‌టీపీ అనే నియమావళి 1981 నాటిది. డిస్కు లేని కంప్యూటర్‌కు అడ్రసు ఇచ్చే బూట్‌పీ 1985లో వచ్చింది. 1990ల చివరలో ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ అనే ప్రమాణాన్ని తెచ్చాక మామూలు కంప్యూటర్లు కూడా నెట్‌వర్క్ నుండి లేవగలిగాయి.

ఆటోక్లేవ్ గదితో పోల్చి చూడండి

మా నర్సులకు ఈ సంగతి అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టలేదు. పూర్వం ప్రతి వార్డులో సిరంజిలు, ఫోర్సెప్స్ విడివిడిగా మరిగించేవాళ్ళం. ఒక వార్డులో ఇరవై నిమిషాలు మరిగితే ఇంకో వార్డులో తొందరలో పది నిమిషాలే మరిగేవి. తర్వాత పని అంతా ఒకే ఆటోక్లేవ్ గదికి మారింది. అక్కడ కట్టిన డ్రెస్సింగ్ ప్యాకెట్లు అన్ని వార్డులకూ ఒకేలా వెళ్తాయి. వాడినవి తిరిగి అక్కడికే వస్తాయి.

డిస్కు లేని కంప్యూటర్ కూడా ఆ వార్డు లాంటిదే. సర్వర్ ఆటోక్లేవ్ గది, ఇమేజ్ కట్టిన ప్యాకెట్. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే ప్రోగ్రాం, అదే పద్ధతి. ఒకటి పాడైతే మరొకటి పెట్టి, దాని కార్డు నంబరు సర్వర్‌కు చెబితే చాలు.

అయితే ఆటోక్లేవ్ సరిగా పనిచేయని రోజున ఒక్క వార్డు కాదు, అన్ని వార్డులూ ప్రమాదంలో పడతాయి. అందుకే ప్యాకెట్ మీద ఇండికేటర్ టేపు అంటిస్తాం, బ్యాచ్ నంబరు, తేదీ రాస్తాం. ఇమేజ్‌కు కూడా అలాంటి జాగ్రత్తలే కావాలి. మార్పు చేసిన ఇమేజ్‌ను ముందు ఒక్క కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. దాని మీద తేదీ, నంబరు ఉండాలి. పాత ఇమేజ్‌ను చెరపకుండా పక్కన ఉంచుకోవాలి. కొత్తది తేడా చేస్తే పాతదాన్ని చూపించి కంప్యూటర్లను ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుంది.

మన బడుల్లో, పెద్ద పరిశోధనల్లో

2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్య తెచ్చినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ చిన్న డబ్బాలు పెట్టారు. ఒక కంప్యూటర్‌ను కొందరు పిల్లలు ఒకేసారి పంచుకునేవారు. అక్కడ పిల్లల ముందున్న డబ్బాలో పని జరగదు, పని అంతా ఆ ఒక్క కంప్యూటర్‌దే. మన డిస్కు లేని కంప్యూటర్ అలా కాదు. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రమే తెచ్చుకుంటుంది, పని తానే చేస్తుంది.

ఈ పద్ధతి ఎక్కువగా ఉపయోగపడేది క్లస్టర్లలో. క్లస్టర్ అంటే చాలా కంప్యూటర్లు కలిసి ఒకే పెద్ద లెక్క చేయడం. ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. 1994లో అమెరికా నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లను కలిపి 'బెయోవుల్ఫ్' అనే క్లస్టర్ తయారుచేశారు. ఈనాడు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న 'పరమ్ సేవా' సూపర్ కంప్యూటర్ కూడా నోడ్‌లు కలిసి పనిచేసే క్లస్టరే. వందల నోడ్‌లున్న చోట ఒక్కొక్క దాని దగ్గర కూర్చుని సాఫ్ట్‌వేర్ వేయడం అయ్యే పని కాదు. పైగా నూటిలో రెండింటికి పాత సాఫ్ట్‌వేర్ ఉండిపోతే లెక్కలో తేడా రావచ్చు. అందుకే ఎక్స్‌క్యాట్, వేర్‌వుల్ఫ్ వంటి సాధనాలతో ఒకే ఇమేజ్‌ను అన్ని నోడ్‌లకూ పంపుతారు.

రెండు హెచ్చరికలు

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. విమానాలు ఆగాయి, చాలా దేశాల్లో ఆసుపత్రుల పనికి ఆటంకం కలిగింది. ఎన్నో చోట్ల సిబ్బంది ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి సరిచేయవలసి వచ్చింది. డిస్కు లేని చోట ఒక్క ఇమేజ్ సరిచేస్తే చాలు. కానీ పరీక్షించకుండా పంపితే ఆ తప్పు అన్నింటికీ ఒక్కసారే చేరుతుంది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. అక్కడ చాలా రోజులు ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాతతోనే నడిచాయి. అంత పెద్ద ఆసుపత్రికే అలా జరిగిందంటే మనం నేర్చుకోవలసినది ఉంది. వార్డులో డిస్కు తీసేసినంత మాత్రాన రికార్డు భద్రం కాదు. సర్వర్‌ను కాపాడాలి, దాని నకళ్ళు వేరే చోట ఉండాలి.

మీరు అడిగే ప్రశ్నలు

కరెంటు పోతే నా రిపోర్టు పోతుందా?
సేవ్ చేసినది సర్వర్‌లో ఉంటుంది, పోదు. టైప్ చేస్తూ సేవ్ చేయనిది మాత్రం పోతుంది. కాబట్టి మీ పేరు, నంబరుతో చీటీ చేతికి వచ్చేదాకా కౌంటర్ దగ్గరే ఉండండి.

డబ్బాను ఎవరైనా ఎత్తుకుపోతే?
అందులో డిస్కు లేదు కాబట్టి దాచిపెట్టిన రికార్డులు ఏవీ ఉండవు. మీ జబ్బు వివరాలు బయటివారి చేతిలో పడవు.

పొద్దున్నే కంప్యూటర్లు ఎందుకు ఆలస్యంగా లేస్తాయి?
అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ ఒకే సర్వర్ ముందు వరుస కడతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడూ ఇంతే. మేము రెండు మూడు చొప్పున వేస్తాము. దయచేసి కొద్దిగా ఓపిక పట్టండి.

సర్వరే ఆగిపోతే?
డ్యూటీ సిస్టర్ దగ్గర కాగితం రిజిస్టరు, ఖాళీ కేస్ షీట్లు ఎప్పుడూ ఉంటాయి. చికిత్స ఆగదు. సర్వర్ లేచాక ఆ వివరాలు ఎక్కిస్తాము. రికార్డుల నకలు ఒకటి వేరే యంత్రంలో, మరొకటి నెట్‌వర్క్‌కు కలపని డిస్కులో వేరే భవనంలో ఉండాలి. నకలు తీస్తే సరిపోదు, అప్పుడప్పుడు దాని నుండి ఒక రికార్డు తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

మీరు చేయవలసినవి

1. ఓపీ నంబరును ఇంట్లో ఇద్దరి దగ్గరైనా రాసి ఉంచండి. వలస వెళ్ళేటప్పుడు చీటీని ఫోనులో ఫోటో తీసుకోండి.

2. ప్రతిసారీ అదే పేరు, అదే ఇంటిపేరు చెప్పండి. ఒకసారి 'లక్ష్మి', ఒకసారి 'లక్ష్మమ్మ' అంటే ఒకే మనిషికి రెండు రికార్డులు తయారవుతాయి.

3. పడని మందు ఉంటే, కంప్యూటర్‌లో ఉందని ఊరుకోక, ప్రతిసారీ సిస్టర్‌కు నోటితో చెప్పండి.

4. కంప్యూటర్ల దగ్గర ఫోన్ ఛార్జింగ్ పెట్టకండి. అక్కడి వైర్లు పిల్లలు లాగకుండా చూడండి. ఆ ఒక్క వైరు ఊడితే ఆ కంప్యూటర్ పని ఆగిపోతుంది.

5. డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచండి. మా సర్వర్‌లో ఒకటి, మీ ఇంట్లో ఒకటి. మీ ఆరోగ్యానికి రెండు సాక్ష్యాలు ఉన్నట్లు.

కౌంటర్ దగ్గర డబ్బాలు చిన్నవైనా మీ వివరాలను భద్రపరచవలసిన మా బాధ్యత చిన్నది కాలేదు. ఇంకా సందేహాలుంటే ఏ వార్డులోనైనా సిస్టర్‌ను అడగండి. చెప్పడానికి మేము సంతోషిస్తాము.