రోటవేటరు షాఫ్టు దెబ్బతిన్నప్పుడు బాగుచేయు విధము

తొలకరి చినుకులు పడి నేల పదునెక్కిన దినములలో మోమిన్‌పేట చుట్టుపట్ల గ్రామములలో ఏ రైతునకును తీరిక యుండదు. పత్తికిని, కందికిని, మొక్కజొన్నకును దుక్కి సిద్ధము కావలెను. ఎఱ్ఱ చెలకలలో పదును రెండు మూడు దినములకంటె నిలువదు. సరిగా అట్టి సమయముననే ట్రాక్టరునకును రోటవేటరునకును నడుమనున్న షాఫ్టు విఱుగుట మేము తఱచుగా చూచుచున్నాము. దీనికి గ్రహచారము కారణము కాదు. వేసవియంతయు చెట్టు క్రింద పడియుండి, కందెన యెండి, దుమ్ము చొచ్చిన కీళ్లు మొదటి బరువునకే లొంగిపోవుచున్నవి. కావున ఈ షాఫ్టు నిర్మాణమును, దానిని బాగుచేయు పద్ధతిని సభ్యులకు వివరింపదలచితిమి.

ట్రాక్టరు వెనుక నుండు పి.టి.ఓ. ముక్కు సామాన్యముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా సెకనునకు 9 చుట్లు. ఆ ముక్కు వద్ద 40 గుఱ్ఱముల శక్తి లభించునెడల, షాఫ్టుమీద పడు మెలిత్రిప్పు బలము మీటరు పొడవు గల కడ్డీ కొనను 54 కిలోల బరువు వ్రేలాడదీసిన దానితో సమానము. రాయి తగిలిన క్షణమున ఇది ఇంకను ఎన్నో రెట్లు పెరుగును. ఈ బలమునంతయు మోయునవి రెండు కీళ్లు. ఒక్కొక్క కీలునందు రెండు యోకులును, వానిని కలుపు కూడిక గుర్తువంటి క్రాసు ఒకటియు నుండును. క్రాసు నాలుగు కొనలకు నాలుగు కప్పులు, కప్పుల లోపల సూదులవంటి సన్నని ఉక్కు కడ్డీలు ఉండును. కీళ్ల నడుమ ఒకదానిలో నొకటి జాఱు రెండు గొట్టములు గలవు. పదునాఱవ శతాబ్దమునాటి ఇటలీ పండితుడు కార్డానో పేర దీనిని కార్డను షాఫ్టు అనియు పిలుతురు. మన మిస్త్రీలకు క్రాసు షాఫ్టు అన్నచో చాలును.

పనికి పూనుకొనుటకు ముందు ఒక మాట. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, రోటవేటరును నేలమీదికి దింపి, షాఫ్టు పూర్తిగా నిలిచినపిదప గాని చేయి పెట్టరాదు. తిరుగుచున్న యోకునకు పంచె అంచుగాని, తువ్వాలుగాని, చీర కొంగుగాని తగిలినచో ఒక్క సెకనులో అయిదాఱు మూరల గుడ్డ చుట్టుకొనును. మనిషి కేక వేయునంత వ్యవధియైన నుండదు. షాఫ్టుపై నుండు ప్లాస్టికు తొడుగును అడ్డముగా నున్నదని తీసి పారవైచువారు ఈ సంగతి యెఱుగక కాదు. మనకు కాదులే యను ధీమాచేతనే అట్లు చేయుచున్నారు. తొడుగు పగిలినచో క్రొత్తది వేయవలెను. తొడుగు తిరుగకుండ పట్టియుంచు గొలుసును ట్రాక్టరునకు తగిలింపవలెను.

ఇక రోగనిర్ణయము. రోటవేటరు ఎత్తునపుడు టకటక చప్పుడు వచ్చుట, కప్పుల చుట్టు కుంకుమవంటి త్రుప్పుపొడి కనబడుట, చేతితో ఊపినపుడు కీలు వదులుగా కదలుట, ఇవి క్రాసు అరిగినదనుటకు గుర్తులు. చప్పుడు లేక వణకు మాత్రమున్నచో గొట్టము వంగియుండవచ్చును, లేదా దానిని తప్పుగా కూర్చియుండవచ్చును.

షాఫ్టును ఊడదీయునపుడు గొట్టములు రెంటిమీదను ఒకే వరుసలో ఆకురాయితో గీత గీయుట మఱవరాదు. దీని కారణము తెలిసికొనదగినది. వంగిన కీలు ద్వారా తిరుగు ఇరుసు సమవేగముతో తిరుగదు. ఒక్క చుట్టులో రెండు మాఱులు వేగించి, రెండు మాఱులు మందగించును. రెండవ కీలు ఈ హెచ్చుతగ్గులను సరిచేయును. అట్లు చేయవలెనన్నచో గొట్టముల రెండు చివరల నుండు యోకుల చెవులు ఒకే వరుసలో నుండవలెను. రోటవేటరు ఇరుసును ట్రాక్టరు ముక్కునకు సమాంతరముగా నిలువవలెను. వరుస తప్పినచో తప్పు రెట్టింపై, గేరు పెట్టె పండ్లవఱకు నష్టము ప్రాకును. కొన్ని గొట్టములు ఎట్లు దూర్చినను దూఱును, వానితోనే ప్రమాదము.

క్రాసు తీయుటకు ముందు నాలుగు లాకు రింగులను పట్టకారుతో ఊడదీయవలెను. కప్పుకంటె వెడల్పయిన ఇనుప గొట్టపు ముక్కమీద యోకు చెవిని ఆనించి, ఎదుటి కప్పుపై ఇత్తడి ముక్కయో గట్టి కఱ్ఱయో యుంచి సుత్తితో కొట్టినచో క్రింది కప్పు వెలుపలికి వచ్చును. యోకు చెవిమీద నేరుగా కొట్టినవాడు కీలు మాత్రమే గాక యోకును గూడ పోగొట్టుకొనును. క్రాసు కొనలపై గోరు నడపి చూడుడు. గాళ్లు తగిలినచో క్రాసు, కప్పులు అన్నియు కలిపి క్రొత్తవి వేయవలెను. కప్పులు మాత్రము మార్చుట దండుగ. క్రొత్త కప్పు యోకు రంధ్రమున వ్రేలితో త్రోసినంతనే దిగినచో ఆ రంధ్రము సాగినదన్నమాట. రేకుముక్క దోపియో, వెల్డింగు చుక్క పెట్టియో దానిని బిగించుట మా కెంతమాత్రమును సమ్మతము కాదు. అట్టి బిగింపు బరువునకు వదలి, షాఫ్టు విడిపోయినచో కర్ర విసరినట్లు ఎగిరిపడును. అట్టి యోకును మార్పవలసినదే.

బిగించునపుడు కప్పులలో గ్రీజు మెత్తి సూదులను నిలువుగా అంటియుంచవలెను. ఒక్క సూది అడుగున పడినను కప్పు పూర్తిగా దిగదు, లాకు రింగు గాడిలో కూర్చుండదు. సుత్తికంటె బెంచివైసుతో మెల్లగా నొక్కుట మేలు. నాలుగు రింగులును కూర్చుండినపిదప కీలు చేతితో రెండు వైపులకును స్వేచ్ఛగా ఆడవలెను. గ్రీజు నిపిలు గన్ను అందు వైపునకు ఉండవలెను. నాలుగు కొనలను క్రొత్త గ్రీజు కనబడువఱకు ఎక్కింపవలెను.

గొట్టము వంగినదో లేదో తెలిసికొనుటకు వడ్రంగివలె దారము లాగి చూడుడు. తాండూరు బండ పఱచిన అరుగు మన యూళ్లలో లేని చోటు లేదు. దానిపై పెట్టి క్రింద వెలుతురు చూచినను తెలియును. వంగిన గొట్టమును కాల్చి సరిచేయుటకంటె మార్చుట మంచిది. క్రొత్త గొట్టము పొడవు చాల ముఖ్యము. రోటవేటరును మెల్లగా ఎత్తుచు దించుచు, షాఫ్టు మిక్కిలి కుఱుచయగు స్థితిని కనిపెట్టవలెను. ఆ స్థితిలో ఒక అంగుళమైన ఖాళీ మిగులవలెను. లేనిచో గొట్టము ట్రాక్టరు బేరింగులనే పొడుచును. పనిచేయునపుడు ఒకదానిలో నొకటి కనీసము మూడవవంతు దూరియుండవలెను. కోయవలసివచ్చినచో రెండు గొట్టములను, రెండు తొడుగులను సమముగా కోసి, అంచులను ఆకురాయితో నునుపు చేయుడు.

కొన్ని షాఫ్టులకు షియరు బోల్టు అను బలహీనపు బోల్టు ఉండును. రాయి తగిలినపుడు తాను తెగి తక్కిన యంత్రమును కాపాడుటయే దాని ధర్మము. మాటిమాటికి తెగుచున్నదని విసిగి గట్టి ఉక్కు బోల్టు దిగగొట్టుట, కొన్ని రూపాయల బోల్టును దాచుకొని వేల రూపాయల గేరు పెట్టెను బలియిచ్చుటయే. కంపెనీ చెప్పిన కొలతవే నాలుగు బోల్టులు ట్రాక్టరు పెట్టెలో ఉంచుకొన్నచో పదునులో వికారాబాదునకో సదాశివపేటకో పరుగెత్తు బాధ తప్పును.

తుదకు, ముక్కుమీద లాకు పిన్ను గాడిలో పడినదో లేదో షాఫ్టును లాగి చూచి, తొడుగు బిగించి, ఇంజను మందముగా నడిపి దూరముగా నిలిచి పరికింపుడు. పది నిమిషముల పిదప ఇంజను ఆపి, షాఫ్టు నిలిచినమీదట కీళ్లను జాగ్రత్తగా తాకి చూడుడు. ఏ కప్పు మఱీ వేడెక్కినదో దానిని మఱల విప్పవలెను. పనిలో ఎనిమిది గంటల కొకమాఱు కందెన పెట్టవలెను. దుక్కులు ముగిసినపిదప గొట్టములను విడదీసి, తుడిచి, గ్రీజు పూసి, ఎండవానలు తగులని కొట్టములో వ్రేలాడదీయవలెను.