పోటీలో జడకోలాటము

వైరా వంటి ఊళ్ళ ఉన్నత పాఠశాలలలో కోలాటపు పోటీకి బాలికలను సిద్ధము చేయు ఉపాధ్యాయులకు మేము చెప్పదలచినది ఒక్కటే: జడకోపు అల్లుట నేర్పుటకు ముందే, విప్పుటకు వలసిన వ్యవధిని లెక్కించుకొనవలెను.

ప్రదర్శనమునకు 10 నిమిషములు ఇచ్చిరనుకొందము. మొదటి నిమిషము ప్రవేశము, వలయము, విలంబమైన నడక. తరువాతి 2 నిమిషములు లోపలి, వెలుపలి వరుసలవారు ఉద్దులను మార్చుకొనుచు వేయు కోపులు. అటుపిమ్మట 6 నిమిషములు జడకోపునకు: 3 అల్లుటకు, 3 విప్పుటకు. కడపటి నిమిషము ద్రుతగతి.

పైనుండి వ్రేలాడు తాళ్ళను పట్టి సగముమంది కుడికి, సగముమంది ఎడమకు సాగుచు, ఎదురువచ్చువారిని ఒకరిని లోపలగా, వేరొకరిని వెలుపలగా దాటుదురు. విప్పునపుడు కడపట దాటినవారినే మొదట దాటవలెను. ఒక్క బాలిక త్రోవ తప్పినను ముడి అందరి తలలపైన నిలిచిపోవును. తక్కినవారి నేర్పు దానిని దాచజాలదు.

భద్రాచలపు అడవులలో కోయల కొమ్ము నృత్యమును చూచినవారికి, డోలు అందరి కాళ్ళను ఎట్లు నడపునో తెలియును. ఇచ్చట ఆ పని తాళమునది. విప్పువేళ తాళము తొందరపడరాదు.

అభ్యాసమున అల్లికను నడుమ ఎక్కడనైనను ఆపించి, అక్కడినుండియే విప్పించి చూడుడు. అది నేర్చిన జట్టు వేదికపై తడబడదు.