బొక్కసం అడుగంటినప్పుడు ప్రజాసభ ధర్మం

నర్సంపేట నుండి కొత్తగూడ, గంగారం వైపు సాగే అటవీ ప్రాంతానికి పాకాల చెరువు తలవాకిలి వంటిది. 13వ శతాబ్దారంభంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో వెలసిన ఆ చెరువు ఆయకట్టు రైతుకు ఒక సత్యం ఎవరూ బోధింపనక్కరలేదు. చెరువు నిండిన ఏట తూము దగ్గర తగవు ఉండదు. నీరు తగ్గిన ఏటనే ఏ మడికి ముందు పారాలి, ఏ మడి ఎండాలి అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు పదిమంది ఎదుట నిలిచి జవాబు చెప్పగలిగినవాని మాటే ఊరిలో చెల్లుతుంది. దేశపు బొక్కసానికి సైతం ఇదే న్యాయం. ధనం సమృద్ధిగా ఉన్ననాడు ఏ ప్రభుత్వమైనా ప్రజాప్రభుత్వం వలెనే కనబడుతుంది. బొక్కసం అడుగంటిననాడు, ఆ కష్టాన్ని ఎవరు ఎంత మోయాలో ఎవరి ఎదుట నిర్ణయించిరన్న దానిని బట్టియే దాని స్వరూపం తేలుతుంది.

పాకాలకు అనతిదూరంలో, నర్సంపేట చెంతనున్న లక్నేపల్లిలో, 1921 జూన్ 28న పాములపర్తి వేంకట నరసింహారావు జన్మించారు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను హిందీలోనికి తెచ్చిన సాహితీపరులుగా, 1957 నుండి మంథని ప్రజల ప్రతినిధిగా, 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన నాయకులుగా ఆయన తెలుగువారికి చిరపరిచితులు. 1991 జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేసిననాడు ఆయన చేతికి వచ్చినది మాత్రం తూము మట్టానికి నీరు దిగిపోయిన చెరువు.

ఆ దుస్థితి ఒక్కనాడు వచ్చినది కాదు. 1980 తరువాతి దశాబ్దంలో ప్రభుత్వ వ్యయం ఆదాయాన్ని మించి పెరుగుతూ వచ్చినది. లోటు పూడ్చడానికి స్వదేశంలోను, విదేశాలలోను అప్పులు చేయవలసివచ్చినది. విదేశీ రుణంలో స్వల్పకాలంలో తీర్చవలసిన భాగం అధికమైనది. 1990–91 నాటికి కేంద్రప్రభుత్వ ద్రవ్యలోటు జాతీయోత్పత్తిలో 8 శాతాన్ని దాటినది. ఇంతలో 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినది. చమురు ధర పెరిగినది. గల్ఫ్ దేశాలలో పనిచేసే భారతీయులు లక్షకు పైగా తిరిగివచ్చారు. వారు ఇంటికి పంపే సొమ్ము తగ్గినది. ప్రవాస భారతీయులు ఇక్కడి బ్యాంకులలో దాచిన డబ్బును వెనుకకు తీసుకొనసాగారు. 1991 జనవరి నాటికి దేశం వద్ద మిగిలిన విదేశీ మారకద్రవ్యం సుమారు 120 కోట్ల డాలర్లు. అది దాదాపు మూడు వారాల దిగుమతులకు మాత్రమే చాలుతుంది.

కష్టకాలంలో దేశానికి స్థిరమైన సభాబలంగల ప్రభుత్వం లేకపోవడం ఆ విపత్తును ద్విగుణం చేసినది. చంద్రశేఖర్ ప్రభుత్వం కాంగ్రెసు మద్దతుపై నిలిచినది. ఆ మద్దతు జారిపోతుండగా 1991 మార్చిలో పూర్తి బడ్జెటుకు బదులు తాత్కాలిక బడ్జెటును మాత్రమే ప్రవేశపెట్టగలిగినది. మార్చి 6న ప్రధాని రాజీనామా చేశారు. ఖర్చుకు అడ్వాన్సుగా సభ అనుమతించిన సొమ్ముతో రోజులు గడపవచ్చునేమో కాని, పన్నులు మార్చడానికి, వ్యయం తగ్గించడానికి, అప్పులవారికి మాట ఇవ్వడానికి ఆపద్ధర్మ ప్రభుత్వానికి నైతికబలం ఉండదు. అప్పు ఇచ్చేవారు తూకం వేసేది ఖజానాను మాత్రమే కాదు, మాట నిలుపుకొనగల ప్రభుత్వం ఉన్నదా అని కూడా చూస్తారు. ఆ కాలంలోనే, మే మాసంలో, 20 టన్నుల బంగారం స్టేట్ బ్యాంకు ద్వారా ఒక స్విస్ బ్యాంకుకు చేరినది. జూలైలో రిజర్వు బ్యాంకు మరి 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి సుమారు 40 కోట్ల డాలర్ల అప్పు తెచ్చినది. ఇంటి ఆడపడుచు మెడలోని బంగారం కుదువ పెట్టడం ఎంత తలవంపో తెలిసిన దేశమిది. పత్రికలలో వార్త వచ్చిన తరువాతనే ఈ సంగతి ప్రజలకు తెలిసినది. ఆ రుణం అదే సంవత్సరం తీర్చివేసినప్పటికీ, ఆనాటి మనఃక్లేశం జాతి మరువలేదు.

క్రొత్త ప్రభుత్వపు తొలి అడుగులు కూడా సభ వెలుపలనే పడినవి. జూలై 1న, మరల 3న రూపాయి విలువను తగ్గించారు. డాలరు ధర సుమారు 21 రూపాయల నుండి 26 రూపాయలకు చేరువైనది. రెండవ విడతను ఆపుటకు ప్రధాని ప్రయత్నించేలోపలే రిజర్వు బ్యాంకు ఆ పని పూర్తిచేసినదని నాటి ముఖ్యుల జ్ఞాపకాలు చెబుతున్నవి. మరొక విశేషం విద్యార్థులు గమనింపదగినది. ఆ జూలైలో ప్రధానమంత్రి గాని, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ గాని పార్లమెంటు ఉభయసభలలో దేనిలోను సభ్యులు కారు. ఆరు మాసాల లోపల సభ్యత్వం పొందవలెనన్న రాజ్యాంగ నియమానుసారం మన్మోహన్ సింగ్ అక్టోబరులో అస్సాం నుండి రాజ్యసభకు వచ్చారు. నరసింహారావు నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో లోక్‌సభకు వచ్చారు. తెలుగుబిడ్డ ప్రధాని అయినాడన్న భావంతో నందమూరి తారక రామారావుగారి తెలుగుదేశం అక్కడ పోటీచేయలేదు. అంత ఆధిక్యాన్ని ఆర్థికవిధానానికి లభించిన ఆమోదముద్రగా మాత్రమే చదవడం పొరపాటు.

ఇట్టి పరిస్థితిలో పాలకులకు మరొక మార్గం కూడా తెరచియున్నది. దేశ ఆర్థికస్థిరత్వానికి ముప్పు కలిగినప్పుడు ఆర్థిక అత్యవసర స్థితిని ప్రకటించుటకు రాజ్యాంగంలోని 360వ అధికరణం వీలు కల్పిస్తున్నది. అప్పుడు ఉద్యోగుల జీతాలు తగ్గించుమని ఆదేశింపవచ్చు. రాష్ట్రాల ద్రవ్య బిల్లులను రాష్ట్రపతి పరిశీలనకు నిలుపవచ్చు. రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పటి నుండి ఈ అధికరణం ఒక్కసారియైనా ప్రయోగింపబడలేదు. 1991లోను ఆ ఆయుధాన్ని ఎత్తలేదు. పూర్తి బలం లేని ఆ ప్రభుత్వం సభ ఎదుటనే నిలువనెంచినది. జూలై 15న విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 241 ఓట్లు, ప్రతికూలంగా 111 ఓట్లు వచ్చినవి. 112 మంది తటస్థులైనారు. ఆ తటస్థులు కూడా ఎదిరించి ఉంటే ప్రభుత్వపు ఆధిక్యం 18 ఓట్లకు దిగిపోయేది. ప్రతిపక్షంలో ఒక వర్గం విధానాన్ని అంగీకరింపకయే, ఆ ఘడియలో దేశం మరల ప్రభుత్వహీనం కారాదని తలచినది.

జూలై 24న బడ్జెటు సభ ముందుకు వచ్చినది. పరిశ్రమలపై లైసెన్సుల బంధాలను సడలించే నూతన పారిశ్రామిక విధానాన్ని కూడా ఆనాడే సభలో ఉంచారు. పత్రికలు వీటిని గూర్చియే ఎక్కువ వ్రాసినవి. పల్లెకు తగిలిన వార్త వేరు. ఎరువుల ధరలు సగటున 40 శాతం పెంచవలెనన్న ప్రతిపాదన అందులో ఉన్నది. సబ్సిడీల భారం తగ్గకుండా లోటు తగ్గదన్న లెక్క కాగితం మీద సరియైనదే. కాని ఆ లెక్క ప్రకారం నారుమడి సిద్ధం చేసుకొన్న రైతు ఆ ఖరీఫులోనే యూరియా బస్తాకు అదనంగా చెల్లింపవలసియున్నది.

అప్పుడు సభ మేల్కొన్నది. ప్రతిపక్షాలే కాక, గ్రామసీమల నుండి గెలిచివచ్చిన కాంగ్రెసు సభ్యులు కూడా తమ ఆర్థికమంత్రిని నిలదీశారు. ఊరికి వెళ్ళి ఏమని చెప్పాలన్నది వారి ప్రశ్న. ఆగస్టు 6న ఆర్థికమంత్రి వెనుకకు తగ్గారు. పెంపు 40 నుండి 30 శాతానికి దిగినది. చిన్న, సన్నకారు రైతులకు పెంపు నుండి మినహాయింపు ప్రకటించారు. దీనిని కొందరు పిరికితనమన్నారు. నిజానికి ప్రాతినిధ్య ప్రభుత్వం తన పని తాను చేసినది ఈ సందర్భంలోనే. లోటు తగ్గాలన్న లక్ష్యాన్ని సభ త్రోసిపుచ్చలేదు. ఆ భారం రెండెకరాల రైతు వీపున, ఇరువది ఎకరాల రైతు వీపున సమానంగా పడరాదని మాత్రమే అన్నది. చిన్నరైతు ఎవరో గుర్తించి అతనికి పాతధరకే ఎరువు అందించడం రాష్ట్రాలకు సులభసాధ్యం కాలేదన్నది వేరొక కథ.

ఇటువంటి పరీక్ష ఇతర దేశాలకూ తప్పలేదు. 1931 ఆగస్టులో పౌండుపై నమ్మకం సడలినప్పుడు, నిరుద్యోగ భృతిని పదవవంతు తగ్గించాలా వద్దా అన్న వాదంపై బ్రిటిషు లేబరు మంత్రివర్గం చీలిపోయినది. ప్రశ్న అక్కడా బంగారాన్ని గూర్చినది కాదు. ఎవరి రొట్టె ముక్క తగ్గాలన్నది. భారతదేశంలోనే 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినప్పుడు, పార్టీలోను సభలోను పెద్దగా చర్చ లేకుండా నిర్ణయం జరిగినదన్న ఆగ్రహం చాలాకాలం నిలిచినది. మరుసటి ఏటి ఎన్నికలలో కాంగ్రెసు అనేక రాష్ట్రాలలో దెబ్బతిన్నది. దానికి కరవు మొదలైన కారణాలు అనేకం ఉన్నప్పటికీ, ఆ పాఠం 1991 నాటి నాయకులు ఎరుగనిది కాదు.

సభ చర్చించినంత మాత్రాన నిర్ణయం నిర్దుష్టమవుతుందని అనుకొనరాదు. ఎరువుల ధరలను పరిశీలించుటకు నియమించిన సంయుక్త పార్లమెంటరీ సంఘపు సిఫారసుపై 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ తొలగించారు. యూరియా మాత్రం నియంత్రణలోనే ఉండడమేకాక పది శాతం చౌక అయినది. ఫలితం పొలంలో కనబడినది. నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకపు నిష్పత్తి 1991–92లో 5.9 : 2.4 : 1 ఉండగా, మరుసటి సంవత్సరమే 9.5 : 3.2 : 1 అయినది. 4 : 2 : 1 మేలైనదని శాస్త్రజ్ఞులు చెబుతూ వచ్చారు. ఓటు లేనిది నేల ఒక్కటే కాబట్టి దాని పక్షాన గట్టిగా మాట్లాడినవారు తక్కువ.

సభకు మరొక మచ్చ కూడా అంటినది. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయినది. ఆ గండం గట్టెక్కుటకు సభ్యులకు లంచమిచ్చారన్న ఆరోపణ న్యాయస్థానాలకెక్కినది. 2000లో క్రింది కోర్టు నరసింహారావును దోషిగా నిర్ణయింపగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించినది. లంచం పుచ్చుకొని సభలో ఓటువేసిన సభ్యునికి రాజ్యాంగరక్షణ కలదన్న 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పును, 2024 మార్చిలో అదే న్యాయస్థానం త్రోసిపుచ్చినది. భారం పంచే చేయి పరిశుద్ధంగా లేనప్పుడు, పంపకం ఎంత సమంజసమైనదైనా నమ్మేవారుండరు గదా!

చివరి మాట ఓటరుదే. మారకద్రవ్య నిలువలు కోలుకొన్నవి, ప్రమాదం తొలగినది. అయినప్పటికీ 1994 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాంగ్రెసుకు దక్కినవి 294లో 26 స్థానాలు మాత్రమే. కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం ఆ ఎన్నికలలో మారుమ్రోగినది. 1996లో కేంద్రంలోను అధికారం చేజారినది. దేశాన్ని గట్టెక్కించినవారికి ప్రజలు కృతఘ్నులైనారని కొందరు వాపోయారు. ఓటరు అడిగినది దేశం గట్టెక్కినదా అని మాత్రమే కాదు. ఆ దాటడంలో తన వంటిల్లు ఏమైనదని కూడా. ఆ రెండవ ప్రశ్న అడిగే హక్కు ఉన్నందుననే అది ప్రాతినిధ్య ప్రభుత్వం.

ఆ హక్కు ఢిల్లీ దాకా పోయి అడగవలసినది మాత్రమే కాదు. ఆ ప్రభుత్వ కాలంలోనే, 1993 ఏప్రిల్ 24న, పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ అమలులోకి వచ్చినది. 1996 డిసెంబరులో వచ్చిన చట్టం దానిని షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించినది. 2016లో ప్రత్యేక మండలమైన గంగారం కోయ గూడేలు ఆ చట్టపు పరిధిలోనివే. దాని ప్రకారం పంచాయతీ తాను ఖర్చుచేసిన సొమ్ముకు గ్రామసభ నుండి ధ్రువీకరణ పొందవలెను. లక్షల కోట్ల బడ్జెటుకు లోక్‌సభ ఎట్టిదో, బావి పూడికకు వచ్చిన కొద్ది సొమ్ముకు గ్రామసభ అట్టిది. పౌరశాస్త్ర పాఠంలో పిల్లలు ఈ రెంటినీ వేరువేరు అధ్యాయాలుగా చదువుతారు. ఊరి లెక్క అడుగుట అలవాటైన పౌరుడే దేశపు లెక్కనూ అడుగగలడు. అడిగేవాడు లేనిచోట సభ ఉన్నా లేనట్లే.