కంపెనీ మెయిళ్లు ఎన్నేళ్లు దాచాలి? బ్యాకప్ ఉంటే సరిపోతుందా?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమ ఉందనుకుందాం. ఆర్డరు, ధర, సరకు పంపిన తేదీ అన్నీ మెయిల్‌లోనే ఖరారయ్యాయి. ఆ మెయిల్ మాత్రం అకౌంటెంట్ సొంత జీమెయిల్. ఆయన ఉద్యోగం మానేశారు. ఏడాది తర్వాత కొన్నవాళ్లు డబ్బు ఎగ్గొట్టారు. ఇప్పుడు రుజువు ఎక్కడుంది?

2024 జులైలో ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఫైళ్లు కాలిపోతే రాష్ట్రమంతా మాట్లాడుకుంది. మెయిల్ పోతే పొగ కూడా రాదు. ఎవరైనా అడిగిన రోజునే పోయిందని తెలుస్తుంది. అందుకే శ్రీసిటీలోని పెద్ద ఫ్యాక్టరీలైనా, మీ ఊళ్లోని చిన్న యూనిట్ అయినా ఈ లెక్క తెలుసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

'ప్రతి మెయిల్‌నూ ఇన్నేళ్లు దాచాలి' అని అన్ని కంపెనీలకూ వర్తించే నిబంధన లేదు. మెయిల్‌లో ఏముందన్నదే ముఖ్యం. బిల్లు, కొనుగోలు ఆర్డరు, చెల్లింపునకు ఆమోదం మెయిల్‌లో వస్తే ఆ మెయిల్ కూడా మీ లెక్కలకు ఆధారమే. ఆ లెక్కలకు ఉన్న గడువునే దానికీ పాటించాలి.

- ప్రైవేట్ లిమిటెడ్ సహా కంపెనీలన్నీ లెక్కల పుస్తకాలను, వాటికి సంబంధించిన వోచర్లను 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఇది 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్. ఉల్లంఘిస్తే బాధ్యులైన డైరెక్టర్లు, అధికారులకు రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా.
- జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, సొంత వ్యాపారమైనా సరే, వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉండాలి. అప్పీలు నడుస్తుంటే అది తేలాక మరో ఏడాది. ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా.
- తిరుపతి దగ్గరి కరకంబాడిలో ఉన్న అమరరాజా లాంటి లిస్టెడ్ కంపెనీలకు సెబీ నిబంధనలు అదనం. ఏ పత్రాలు శాశ్వతంగా ఉంచాలో, ఏవి కనీసం 8 ఏళ్లు ఉంచాలో బోర్డు ఆమోదించిన విధానం ఉండాలి.

ఎలా దాస్తే చెల్లుతుంది?

2000 ఐటీ చట్టం 7వ సెక్షన్ మూడు షరతులు పెట్టింది. రికార్డు తర్వాత తెరిచి చూసుకునేలా ఉండాలి. వచ్చిన రూపంలో గానీ, దాన్ని యథాతథంగా చూపే రూపంలో గానీ ఉండాలి. ఎవరు పంపారు, ఎవరికి, ఏ తేదీన, ఏ సమయానికి అన్న వివరాలు అందులో దొరకాలి.

ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోవడం, స్క్రీన్‌షాట్ తీసుకోవడం, ఇంకో ఐడీకి ఫార్వర్డ్ చేయడం చాలామందికి అలవాటు. వీటిలో మెయిల్ వెనక ఉండే అసలు ప్రయాణ వివరాలు పోతాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. అసలు ఫైలు లేకపోతే ఆ పని కష్టం.

బ్యాకప్ ఉంది కదా?

బ్యాకప్ వేరు, ఆర్కైవ్ వేరు. కంప్యూటర్ పాడైతే నిన్నటి స్థితికి తిరిగి రావడానికి బ్యాకప్. కొత్త కాపీ వచ్చాక పాతది చెరిగిపోతుంటుంది. బ్యాకప్ జరిగేలోపే ఎవరైనా మెయిల్ తీసేస్తే అది అందులో చేరదు. ఆర్కైవ్‌లో ప్రతి మెయిల్ వచ్చిన క్షణంలో, పంపిన క్షణంలోనే ఒక కాపీ పడుతుంది. ఉద్యోగి తన ఇన్‌బాక్స్‌లో తీసేసినా అక్కడ ఉంటుంది.

తేడా డబ్బులోనే కనిపిస్తుంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరకు కొన్నవాళ్లు 45 రోజులు మించకుండా చెల్లించాలి. లేదంటే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. సరకు బాగాలేదనుకుంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. 'మేం అప్పుడే మెయిల్ పెట్టాం' అని వాళ్లంటే, రాలేదని మీరు ఎలా చూపిస్తారు? ఏ మెయిలూ జారిపోని ఆర్కైవ్ ఉంటేనే ఆ మాటకు బలం.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

1. సొంత జీమెయిల్ ఆపి కంపెనీ పేరుతో డొమైన్ మెయిల్ పెట్టుకోండి. రెండేళ్లు వాడని వ్యక్తిగత గూగుల్ ఖాతాలను ఆ సంస్థ తొలగించవచ్చు. జీమెయిల్ ట్రాష్‌లోవి 30 రోజులకే పోతాయి.
2. జీఎస్టీ పోర్టల్లో ఎవరి మెయిల్ ఉందో ఈ రోజే చూడండి. అక్కడ నమోదైన ఐడీకి నోటీసు పంపితే చట్టప్రకారం మీకు అందినట్టే. అది పాత ఆడిటర్‌ది అయితే వెంటనే మార్పించండి.
3. మీరు వాడే మెయిల్ సర్వీసు ప్లాన్‌లో ఆర్కైవ్ సదుపాయం ఉందో లేదో అడగండి. గూగుల్‌లో దాని పేరు వాల్ట్. అన్ని ప్లాన్లలో ఉండదు.
4. ఉద్యోగి మానేసిన రోజే ఖాతా డిలీట్ చేయకండి. చేస్తే వాల్ట్‌లోని ఆయన మెయిళ్లు కూడా పోతాయి. ముందు ఎగుమతి చేసుకోండి, లేదా ఖాతాను ఆర్కైవ్‌లోకి మార్చండి.
5. ఏ రకం మెయిల్ ఎన్నేళ్లో ఒక పేజీలో రాసి, మీ ఆడిటర్‌తో చూపించుకోండి.

అన్నీ ఎప్పటికీ దాచేయొచ్చా?

వద్దు. ఉద్యోగానికి దరఖాస్తు చేసినవాళ్ల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు కూడా మెయిళ్లలోనే ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. వేరే చట్టం ఉంచమనకపోతే, పని అయిపోయాక అలాంటి సమాచారం తీసేయాలన్నది దాని సారం. గడువు దాకా దాచడం ఎంత బాధ్యతో, గడువు దాటాక తీసేయడమూ అంతే. ఒక్క జాగ్రత్త: ఆ మెయిల్ మీద కేసో, నోటీసో నడుస్తుంటే అది తేలేదాకా ముట్టుకోకండి.