కాలో చెయ్యో దెబ్బ తగిలితే ఎక్స్-రే ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఖర్చు? (సి.బెళగల్ మండలం వారికి)

మిరపచేను గట్టు మీద కాలు మడతపడింది. లేదా బైకు జారి మోచెయ్యి నేలకు కొట్టుకుంది. వాచింది. విరిగిందా, బెణికిందా అన్నది ఎక్స్-రేలో తేలుతుంది. అలాగని ప్రతి బెణుకుకూ ఎక్స్-రే అక్కర్లేదు.

చీలమండ దెబ్బకు 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు ఒక సులువైన లెక్క చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఆసుపత్రికొచ్చాక, నాలుగు అడుగులు వేయగలుగుతున్నారా? కుంటుతూ వేసినా అడుగు కిందే లెక్క. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చే గుబ్బ ఎముకల వెనక అంచున గానీ కొసన గానీ నొక్కితే నొప్పా? రెండుసార్లూ అడుగులు పడకపోయినా, అక్కడ నొప్పి ఉన్నా ఎక్స్-రే తీయాలి. మోచెయ్యి అయితే, పూర్తిగా చాచలేకపోతే తీయించాలి. చిన్నపిల్లలకు, తాగి ఉన్నవాళ్లకు, షుగరు వల్ల పాదం మొద్దుబారినవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. వాళ్లను డాక్టరే చూడాలి.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చాలాచోట్ల శిక్షణ పొందిన నర్సే ఇలా చూసి ఎక్స్-రేకు పంపిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఫిల్ము సిద్ధంగా ఉంటుంది, ఒక క్యూ తప్పుతుంది. మన దగ్గర చీటీ రాయాల్సింది డాక్టరే. అయినా క్యాజువాల్టీలో ముందు కనిపించేది సిస్టరే కదా. ఉత్తినే "నొప్పమ్మా" అనకుండా, "నాలుగడుగులు పడటంలేదు సిస్టర్, ఇదిగో ఇక్కడ ముట్టుకుంటే ప్రాణం పోతోంది" అని చెప్పండి. ఆ మాట డ్యూటీ డాక్టరు చెవిన పడితే చీటీ తొందరగా వచ్చే వీలుంది. గర్భిణి అయితే ఎక్స్-రేకు ముందే ఆ సంగతి చెప్పాలి.

మీ పీహెచ్‌సీలో బద్ద కట్టి, నొప్పి మందు ఇచ్చి పంపుతారు. ఎక్స్-రేకు ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రికో, ఆదోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. పెద్ద దెబ్బ అయితే కర్నూలు సర్వజన ఆసుపత్రి. 108 బండికి డబ్బులివ్వక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఖర్చు దగ్గరే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్-రే ఉచితం. ప్రైవేటులో ఓపీలో చూపించుకుని తీయించుకునే ఎక్స్-రేకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తించకపోవచ్చు, ఆ డబ్బు మీరే కట్టాల్సి రావచ్చు. విరిగిన ఎముకకు ఆపరేషన్ అవసరమై నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరితే మాత్రం పరీక్షలు, లోపల వేసే ప్లేటు, మందులు, భోజనం ప్యాకేజీలోనే వస్తాయి. బియ్యం కార్డు, ఆధార్ తీసుకుని ముందు వైద్యమిత్ర దగ్గరికి వెళ్లండి. అనుమానముంటే 104కి ఫోన్ చేయండి.

నాటు కట్టు సంగతి. పుత్తూరు కట్టుకు పేరుంది, కాదనం. అయితే ఎముక ఎలా ఉందో చూడకుండా బిగించేస్తే లోపల రక్తం ఆడక చెయ్యే తీసేయాల్సి రావచ్చు. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా తెల్లారేదాకా ఆగకండి. కట్టు వదులు చేసి 108కి ఫోన్ చేయండి.