ఫస్ట్ బేసులో ఎవరు?

బేస్‌బాల్ ఆట మన దేశంలో అంతగా ఆడరు. ఐనా దాని సంగతి మీకు సులభంగానే బోధపడుతుంది. క్రికెట్టులో మాదిరే ఇందులోనూ ఒకడు బంతి విసురుతాడు, ఒకడు బ్యాటుతో కొడతాడు. వికెట్లు మాత్రం ఉండవు. మైదానంలో నాలుగు మూలల గడి ఒకటి ఉంటుంది. ఒక మూల నుంచి మరో మూలకు 90 అడుగులు. కొట్టినవాడు హోమ్ ప్లేట్ అనే మూల నుంచి బయలుదేరి, ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, థర్డ్ బేస్ వరసగా తొక్కి, మళ్ళీ హోమ్ చేరితే ఒక పరుగు. జట్టుకు తొమ్మండుగురు.

క్రికెట్టులో ఔటైనవాడు ఆ ఇన్నింగ్సులో మళ్ళీ బ్యాటు పట్టడు గదా! బేస్‌బాల్‌లో తొమ్మిదోవాడి తరవాత తిరిగి మొదటివాడి వంతు వస్తుంది. గానుగెద్దులా అదే వరస తిరుగుతూ ఉంటుంది. ఆట మొదలైనాక వరస తారుమారు చెయ్యటానికి వీల్లేదు. అందుచేత ఎవడి వెనక ఎవణ్ణి పెట్టాలా అన్నది పెద్ద ఆలోచన. ఏటా ఆటల రుతువు మొదలయ్యే ముందు అమెరికాలో పిల్లలూ పెద్దలూ కాగితం మీద తొమ్మిది పేర్లు రాయటం, కొట్టివెయ్యటం, మళ్ళీ రాయటం మామూలు.

అలా రాసిన జాబితాలన్నిటిలోకీ 1947 లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు జాబితా చిత్రమైనది. బ్రూక్లిన్ న్యూయార్క్ మహానగరంలో ఒక భాగం. అంతకుముందు ఏడాది ఈ జట్టు 154 ఆటలు ఆడి 96 గెలిచింది. సెయింట్ లూయీ కార్డినల్స్ కూడా సరిగ్గా 96 గెలిచారు. ఎవరు గొప్పో తేల్చటానికి మళ్ళీ ఆడించారు. బ్రూక్లిన్ వరసగా రెండాటలూ ఓడిపోయింది. వెంట్రుకవాసిలో తప్పిపోయిన గెలుపు! కొత్త ఏడాదికి జట్టును ఎలా దిద్దాలా అని అందరూ తలలు పట్టుకోవటంలో వింత ఏముంది?

మీరే ఆ కాగితం ముందు కూర్చున్నారనుకోండి. మొదటి పేరు ఎడ్డీ స్టాంకీ. సెకండ్ బేసు కాచేవాడు. ఇతను బంతిని చితక్కొట్టే రకం కాదు. కాని బంతి విసిరేవాడు నాలుగు బంతులు గతి తప్పి వేస్తే బ్యాటరు ఊరికే ఫస్ట్ బేసుకు నడిచిపోవచ్చు. స్టాంకీ చెడ్డ బంతుల్ని వదిలేస్తూ, విసిరేవాడి ఓపిక పరీక్షిస్తూ, 1946 లో 137 సార్లు అలా నడిచాడు. ఇలాంటివాడే వరసకు ముందుండాలి. మూడో పేరు పీట్ రైజర్. పరిగెత్తటంలో మేటి. బంతి విసిరేవాడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు తరవాతి బేసుకు ఉరకటాన్ని "బేసు దొంగిలించటం" అంటారు. ఆ ఏడు ఇతను 34 దొంగిలించాడు. నాలుగో పేరు డిక్సీ వాకర్. ముందు బేసుల్లో నిలిచినవాళ్ళను తన దెబ్బతో ఇల్లు చేర్చటం నాలుగోవాడి పని. 1946 లో వాకర్ దెబ్బలకు 116 పరుగులు వచ్చాయి. బ్రూక్లిన్ జనానికి అతనంటే ప్రాణం. షార్ట్‌స్టాప్ స్థలంలో పీ వీ రీస్. "పీ వీ" అంటే చిన్న గోలీ. చిన్నప్పుడు గోలీలాటలో మొనగాడు గనక ఆ పేరు వచ్చింది.

మరి రెండో పేరు? ఫస్ట్ బేసు ఎవరిది? చిక్కంతా అక్కడే.

బ్యాటరు బంతిని నేల వెంబడి కొడితే, ఫీల్డరు దాన్ని ఏరి ఫస్ట్ బేసుకు విసురుతాడు. అక్కడివాడు ఒక కాలు బేసుకు ఆనించి, చెయ్యి చాచి పట్టాలి. పరిగెత్తేవాడి కాలుకన్న ముందు బంతి వస్తే ఔట్. పరిగెత్తేవాడి బూట్ల అడుగున లోహపు మేకులుంటాయి. కాస్త పక్కకు పడితే చీరుకుపోతుంది. ఆ స్థలంలో ఆడుతూ వచ్చిన స్టీవెన్స్, షుల్ట్జ్ ఇద్దరూ బ్యాటుతో అంతంతమాత్రం.

జట్టు అధిపతి బ్రాంచ్ రిక్కీ మనసులో ఒక పేరుంది. జాకీ రాబిన్సన్, వయసు 28. విశ్వవిద్యాలయంలో నాలుగు ఆటల్లో పేరు తెచ్చుకున్నవాడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్నవాడు. 1946 లో కెనడాలో డాడ్జర్స్ వారి చిన్న జట్టైన మాంట్రియల్ తరఫున ఆడి, ఆ పోటీలన్నిటిలోకీ బ్యాటింగులో మొదటివాడయ్యాడు. ఇంకేం, పేరు రాసేస్తే సరి అంటారా?

రాబిన్సన్ నల్లజాతివాడు. 1880ల తరవాత పెద్ద జట్లలో ఒక్క నల్లవాణ్ణీ ఆడనివ్వలేదు. రాతపూర్వకమైన నిబంధన ఏదీ లేకుండానే అరవై ఏళ్ళు అలా గడిచిపోయింది. నల్లవాళ్ళకు వేరే జట్లు, వేరే పోటీలు. రిక్కీ 1945 లోనే రాబిన్సన్‌ను పిలిపించి, ఎవరు ఎంత తిట్టినా, కవ్వించినా తిరగబడనని మాట తీసుకున్నాడు. 1947 వసంతంలో సాధన కోసం జట్లను ఫ్లోరిడాకు బదులు క్యూబాలోని హవానాకు తీసుకుపోయాడు. ఫ్లోరిడాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఆడితే గొడవలయ్యేవి. ఐతే, హవానాలో కూడా రాబిన్సన్‌ను మిగతావాళ్ళతో కాక వేరే హోటల్లోనే ఉంచారు!

రాబిన్సన్ నేర్చిన స్థలం సెకండ్ బేసు. అక్కడ స్టాంకీ ఉన్నాడు. షార్ట్‌స్టాప్‌లో రీస్‌ను కదిలించటం కల్ల. ఖాళీ ఉన్నది ఫస్ట్ బేసే గనక, రిక్కీ అతనికి కొత్త రకం గ్లవ్ ఇప్పించి అక్కడ ఆడమన్నాడు. ఒక ఆటగాడు కొన్ని వారాల్లో కొత్త స్థలం నేర్చుకోవటమే కష్టం. పైగా అది అందరి మేకులకూ ఎదురు నిలిచే స్థలం.

జట్టులోని దక్షిణాదివారు కొందరు అతనితో ఆడమని అర్జీ తయారుచేశారు. వాకర్ తనను వేరే జట్టుకు పంపెయ్యమని రిక్కీకి ఉత్తరం రాశాడు. దక్షిణాదివాడే ఐన రీస్ మాత్రం అర్జీ మీద సంతకం పెట్టనన్నాడు. అప్పుడు వాళ్ళు పనామాలో ఉన్నారు. సంగతి తెలిసి మేనేజరు లియో డురోషర్ అర్ధరాత్రి ఆటగాళ్ళను నిద్ర లేపి చీవాట్లు పెట్టాడు. అర్జీ అంతటితో ఆగిపోయింది. ఇంతలో ఏప్రిల్ 9 న ఆ డురోషర్‌నే వేరే కారణాలవల్ల ఏడాదిపాటు ఆట నుంచి బహిష్కరించారు! మర్నాడే రాబిన్సన్‌ను జట్టులోకి తీసుకున్నట్టు ప్రకటన వెలువడింది. మొదటి ఆటకు ఐదు రోజులే గడువు, జట్టుకు మేనేజరు లేడు.

ఇప్పుడు మీ కాగితం మళ్ళీ చూడండి. రెండో పేరు రాబిన్సన్, నాలుగో పేరు వాకర్. రాబిన్సన్ బేసులో నిలిస్తే అతన్ని ఇల్లు చేర్చవలసినవాడు వాకరే. రాబిన్సన్ ఎంత బాగా పరిగెడితే వాకర్ లెక్కలో అన్ని పరుగులు పడతాయి. బ్యాటింగ్ వరస ఎవరి ఇష్టాయిష్టాలూ అడగదు.

ఏప్రిల్ 15 న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డులో మొదటి ఆట. బోస్టన్ బ్రేవ్స్ ఎదురుపక్షం. 25 వేలకు పైగా జనం. రాబిన్సన్ చొక్కా మీద అంకె 42. మొదటి మూడు వంతుల్లోనూ అతనేమీ చెయ్యలేకపోయాడు. ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి బ్రూక్లిన్ 2-3 తో వెనకబడి ఉంది. స్టాంకీ తన అలవాటు ప్రకారం బంతులు వదిలేసి ఫస్ట్ బేసుకు నడిచాడు. రాబిన్సన్ బంతిని మెల్లిగా బ్యాటుతో తాకించి పరుగు లంకించుకున్నాడు. కంగారులో బోస్టన్‌వాడు విసిరిన బంతి రాబిన్సన్‌కే తగిలి అవతలికి పోయింది. స్టాంకీ థర్డ్ బేసుకు, రాబిన్సన్ సెకండ్ బేసుకు చేరారు. మూడోవాడు రైజర్ దూరంగా కొట్టాడు. ఇద్దరూ ఇల్లు చేరారు. ఒకడు నడవటం, ఒకడు తాకించటం, ఒకడు కొట్టటం — ఆ వరస ఎందుకు రాశారో జనానికి కళ్ళారా కనిపించింది. బ్రూక్లిన్ 5-3 తో గెలిచింది.

ఆ ఏడు రాబిన్సన్ 125 పరుగులు చేసి, 29 బేసులు దొంగిలించి, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి పొందాడు. ఆ బహుమతి ఇవ్వటం అదే మొదటిసారి. ఆగస్టులో ఒక కార్డినల్స్ ఆటగాడి బూటు మేకులు ఫస్ట్ బేసులో అతని కాలికి దిగాయి. కావాలని తొక్కాడని బ్రూక్లిన్‌వాళ్ళు, కాదని అతనూ వాదించుకున్నారు. బ్రూక్లిన్ నేషనల్ లీగ్ గెలిచి, ఆఖరి పోటీలో యాంకీస్ చేతిలో నాలుగుకు మూడాటలతో ఓడింది. వాకర్ ఏడాది పొడుగునా నాలుగో స్థానం పని చక్కగానే చేశాడు. డిసెంబరులో అతన్ని పిట్స్‌బర్గ్ జట్టుకు పంపేశారు.

1948 మార్చిలో స్టాంకీని బోస్టన్‌కు ఇచ్చివేశారు. సెకండ్ బేసు ఖాళీ ఐంది; రాబిన్సన్ తన సొంత స్థలానికి వెళ్ళాడు. దానితో బ్రూక్లిన్ పిల్లలు మళ్ళీ కాగితాలు తీశారు: ఫస్ట్ బేసులో ఎవరు? ఈసారి ఆ గ్లవ్ గిల్ హాడ్జెస్ అనే క్యాచరు చేతికి వచ్చింది.